అంకెల వెనుక కారణాన్ని వెదికిన దొరాబ్జీ టాటా

మాంగో (జంషెడ్‌పూర్): సువర్ణరేఖ నదికి ఒక ఒడ్డున సాక్చీ, మరో ఒడ్డున మాంగో. నడుమ వంతెన. సాక్చీ వైపు ప్రణాళిక ప్రకారం వేసిన వీధులు, వందేళ్లు దాటిన ఉక్కు కర్మాగారం. మాంగో వైపు దల్మా కొండల దిగువన, ఏ ప్రణాళికకూ లొంగకుండా పెరిగిన జనావాసం. కంపెనీ కౌలు భూమి ఇక్కడికి రాదు. అయినా నదికి ఆవల కొలిమిలో జరిగే ప్రతి మార్పూ ఈ ఒడ్డున తెలుస్తుంది. ఉక్కు ధర పెరిగినా, పని తగ్గినా దాని ఫలితం మాంగో దుకాణాల బేరాల్లో, ఇళ్ల అద్దెల్లో కనిపిస్తుంది. ఉపాధి కోసం వచ్చి జంషెడ్‌పూర్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది అనుభవైకవేద్యమే.

సంస్థ పనితీరును తెలిపే అంకెలు ఏటా వెలువడుతూనే ఉంటాయి. ఉత్పత్తి ఇన్ని టన్నులు, అమ్మకాలు ఇంత, లాభం ఇంత అని అవి చెబుతాయి. కానీ నిరుటి అంకె ఈ ఏడు ఎందుకు మారిందో ఆ అంకె తనంతట తాను చెప్పదు. మార్పుకు మూలమైన కారణాలను విడదీసి, ఒక్క చూపులో అర్థమయ్యేలా పటంగా చూపే పద్ధతులు నేడు వాణిజ్య సంస్థలన్నింటిలోనూ వాడుకలో ఉన్నాయి. ఈ అవసరం ఎంత ప్రాణాంతకం కాగలదో సుమారు వందేళ్ల క్రితం జంషెడ్‌పూర్‌లో అనుభవించి తెలుసుకున్న వ్యక్తి సర్ దొరాబ్జీ టాటా. తండ్రి జంషెడ్‌జీ కన్న కలను కర్మాగారంగా నిలబెట్టినది ఆయనే. అది కూలిపోబోయినప్పుడు తన యావదాస్తినీ అడ్డుపెట్టి నిలబెట్టినదీ ఆయనే.

నాగపూర్ మిల్లులో తొలి పాఠం

దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో జన్మించారు. ఇంగ్లండు వెళ్లి 1877లో కేంబ్రిడ్జిలోని కైయస్ కళాశాలలో చేరారు. చదువులో కంటే ఆటల్లో ఎక్కువగా రాణించారు. రెండేళ్ల తర్వాత స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివి 1882లో పట్టం పుచ్చుకున్నారు. వెంటనే తండ్రి వ్యాపారంలో ప్రవేశించలేదు. రెండేళ్లపాటు బాంబే గెజెట్ పత్రికలో విలేకరిగా పనిచేశారు. వినడం, ప్రశ్నించడం, చూసినదాన్ని సూటిగా చెప్పడం అనే మూడు విద్యలూ ఆ కొలువులోనే అబ్బాయని అనుకోవచ్చు.

1884లో సంస్థ నూలు వ్యాపార విభాగంలో చేరిన దొరాబ్జీని తండ్రి మొదట పుదుచ్చేరికి పంపారు. అక్కడ మిల్లు పెడితే గిట్టుబాటు అవుతుందా అన్నది తేల్చడం ఆయనకు అప్పగించిన పని. ఆ తర్వాత నాగపూర్‌కు బదిలీ చేశారు. 1877 జనవరి 1న ప్రారంభమైన ఎంప్రెస్ మిల్లు అప్పటికే టాటాల వ్యాపారానికి వెన్నెముకగా ఉండేది. మేనేజరు బెజోంజీ దాదాభాయ్ మెహతా.

ఆ మిల్లును వేధించిన సమస్య కార్మికుల గైర్హాజరు. ఏ రోజు చూసినా దాదాపు ఐదో వంతు మంది పనికి వచ్చేవారు కాదని మిల్లు చరిత్రకారులు చెబుతారు. ఆ కాలపు మిల్లు యజమానులు ఇందుకు జరిమానాలు, తొలగింపులే విరుగుడుగా భావించేవారు. జంషెడ్‌జీ, బెజోంజీ వేరే దారి పట్టారు. మనిషి పనికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్న వేశారు. పొలం పనులు, జబ్బులు, పెళ్లిళ్లు, మిల్లులో ఉక్క, రేపటి మీద భరోసా లేకపోవడం వంటివి జవాబులో భాగాలయ్యాయి. మిల్లులో గాలి వెలుతురు మెరుగుపరిచారు. భవిష్య నిధి, ప్రమాదానికి పరిహారం, క్రమం తప్పక వచ్చేవారికి బహుమతులు, క్రీడోత్సవాలు ఏర్పాటు చేశారు. హాజరు మెరుగుపడింది. అంకెను దండిస్తే అంకె మారదు, దాని వెనుకనున్న కారణాన్ని సరిచేస్తేనే మారుతుంది అన్నది యువకుడైన దొరాబ్జీ కళ్లముందే రుజువైంది.

పని మీద మైసూరు వెళ్లినప్పుడు, ఆ సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న డాక్టర్ హోర్ముస్‌జీ భాభా కుటుంబంతో పరిచయం కలిగింది. ఆయన కుమార్తె మెహెర్‌బాయిని దొరాబ్జీ 1898లో వివాహమాడారు. అణుశాస్త్రవేత్త హోమీ భాభాకు ఆమె మేనత్త.

రంగుల పటం చూపిన దారి

ఉక్కు కర్మాగారం స్థాపించాలన్న సంకల్పం జంషెడ్‌జీది. 1882లో చాందా జిల్లా ఖనిజాలపై ఒక జర్మన్ నిపుణుడు రాసిన నివేదిక చదివినప్పటినుంచీ ఆయన దాన్ని వదలలేదు. లార్డ్ కర్జన్ హయాంలో గనుల నిబంధనలు సడలడంతో 1902లో అమెరికా వెళ్లి, చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరును సలహాదారుగా కుదుర్చుకున్నారు. పెరిన్ పంపిన భూగర్భ నిపుణుడు సి.ఎం.వెల్డ్ 1903లో భారతదేశానికి వచ్చారు. వెల్డ్ వెంట అడవుల్లో తిరిగే బాధ్యత దొరాబ్జీ మీద పడింది. తోడుగా మేనత్త కుమారుడు షాపూర్జీ సక్లత్‌వాలా ఉన్నారు. తర్వాతి కాలంలో బ్రిటన్ పార్లమెంటులో కమ్యూనిస్టు సభ్యుడిగా ప్రసిద్ధికెక్కినది ఈ సక్లత్‌వాలాయే.

ఎద్దుబండ్ల మీద చాందా అడవులన్నీ గాలించినా ఫలితం దక్కలేదు. ఇనుము ఉన్నా కొలిమికి సరిపడేంత లేదు. బొగ్గు పనికిరానిది. ప్రయత్నం విరమిస్తున్నామని చెప్పడానికి దొరాబ్జీ నాగపూర్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లారు. కలవవలసిన అధికారి లేకపోవడంతో వేచి ఉండవలసి వచ్చింది. పొద్దు గడపడానికి ఎదుటనున్న మ్యూజియంలోకి వెళ్లిన ఆయన దృష్టి గోడమీది భూగర్భ పటంపై పడింది. దుర్గ్ జిల్లా ప్రాంతంలో ముదురు రంగు పూసి ఉంది. ఆ రంగు ఇనుప ఖనిజానికి గుర్తు.

ఆ సమాచారం కొత్తది కాదు. భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన ప్రమథనాథ్ బోస్ ఆ ప్రాంతాన్ని అంతకు చాలా ఏళ్ల క్రితమే పరిశీలించి నివేదిక రాశారు. ఆ నివేదిక బీరువాల్లో ఉండగా ఎవరికీ పట్టలేదు. అదే సంగతి రంగుగా గోడకెక్కినప్పుడు ఒక్క చూపులో బోధపడింది. వెల్డ్, దొరాబ్జీ అక్కడికి వెళ్లి చూస్తే ధల్లీ-రాజహరా కొండలు దాదాపు ఇనుముతో నిండి ఉన్నాయి. అయితే సమీపంలో తగిన బొగ్గు, నీరు లేకపోవడంతో ఆ స్థలాన్ని వదులుకోవలసి వచ్చింది. అర్ధ శతాబ్దం తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం అందించినవి ఆ కొండలే.

ఇంతలో ప్రభుత్వ కొలువు విడిచి మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన ప్రమథనాథ్ బోస్ 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీకి లేఖ రాశారు. గొరుమహిసాని కొండల్లో మేలైన ఇనుము ఉందని, ఝరియా బొగ్గు కూడా అందుబాటులో ఉంటుందని దాని సారాంశం. అది అందిన మూడు నెలలలోపే, మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో జంషెడ్‌జీ కన్నుమూశారు. భారం పూర్తిగా దొరాబ్జీ భుజాలపైకి వచ్చింది.

సాక్చీని ఎన్నుకున్న లెక్క

కర్మాగారం ఎక్కడ పెట్టాలన్నది పైకి స్థలం ప్రశ్నలా కనిపించినా, వాస్తవానికి టన్నుకయ్యే ఖర్చు ప్రశ్న. టన్ను ఉక్కు తయారు కావాలంటే అనేక టన్నుల ఖనిజం, బొగ్గు, సున్నపురాయి కొలిమి వద్దకు చేరాలి. అపారంగా నీరు కావాలి. తయారైన సరుకు ఓడరేవుకు, మార్కెట్టుకు పోవాలి. ఇందులో ప్రతి మైలూ ఖర్చే. ఆ ఖర్చు ఒక ఏడాదితో తీరేది కాదు, కర్మాగారం ఉన్నంతకాలమూ మోయవలసినది.

మొదట సీనీ అనే చోటును పరిశీలించారు. 1907 చివరలో వెల్డ్, ఆయనతోపాటు అన్వేషణలో పాల్గొన్న శ్రీనివాసరావు సాక్చీ గ్రామాన్ని గుర్తించారు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం పక్కనే ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కాలీమాటి స్టేషను చేరువలో ఉంది. గొరుమహిసాని ఖనిజం వంద కిలోమీటర్ల లోపలే దొరుకుతుంది. ఝరియా బొగ్గు రెండు వందల కిలోమీటర్ల లోపల ఉంది. ఖనిజం, బొగ్గు, నీరు, రైలు నాలుగూ అనుకూలించిన చోటు అదే. నాడు వేసిన ఆ లెక్క తర్వాతి కాలంలో కర్మాగారానికి కవచంగా పనిచేసింది.

పెట్టుబడి కోసం లండన్ మార్కెట్టును ఆశ్రయిస్తే నిరాశే ఎదురైంది. స్వదేశీ ఉద్యమం ఉధృతంగా ఉన్న 1907 ఆగస్టులో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ నమోదైంది. వాటాలు భారతీయులకే అమ్మజూపారు. మూడు వారాల్లో దాదాపు 8 వేల మంది రూ. 2.32 కోట్ల మూలధనం సమకూర్చారు. తర్వాత అవసరమైన 4 లక్షల పౌన్ల రుణపత్రాలను గ్వాలియర్ మహారాజు సింధియా ఒక్కరే కొన్నారు. ఏడాదికి 20 వేల టన్నుల పట్టాలు పదేళ్లపాటు కొంటామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1910లో దొరాబ్జీకి నైట్ బిరుదు లభించింది. 1911 డిసెంబరులో తొలి దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె వెలువడ్డాయి. భారతీయులు పట్టాలు తయారుచేస్తే వాటిని తానే తింటానని ఒక ఆంగ్ల రైల్వే అధికారి గతంలో ఎకసెక్కెమాడినట్టు ప్రతీతి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సేనలకు సాక్చీ నుంచి సుమారు 1,500 మైళ్ల పట్టాలు వెళ్లాయి. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ స్వయంగా వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

ఉత్పత్తి పెరిగింది, సొమ్ము తరిగింది

యుద్ధకాలపు గిరాకీని చూసి 1917లో కంపెనీ భారీ విస్తరణకు పూనుకుంది. యంత్రాల ధరలు మండిపోతున్న రోజులవి. అనుకున్న వ్యయం కంటే ఎంతో ఎక్కువ ఖర్చయింది. విస్తరణ ఫలించి ఉత్పత్తి పెరుగుతున్న సమయానికే గాలి తిరిగింది.

యుద్ధం ముగియడంతో ఐరోపా కర్మాగారాలు మళ్లీ మొదలయ్యాయి. బెల్జియం వంటి దేశాల కరెన్సీ విలువ పడిపోవడంతో వాటి ఉక్కు భారత రేవుల్లో కారుచవకగా దిగింది. రూపాయి మారకపు విలువ బలపడటం దిగుమతిదారులకు మరింత కలిసివచ్చింది. కంపెనీ దుక్క ఇనుమును ప్రధానంగా కొనే జపానులో 1923 సెప్టెంబరు 1న మహా భూకంపం సంభవించింది. ఆ మార్కెట్టు స్తంభించింది. ఒకవైపు అప్పుల మీద వడ్డీ, మరోవైపు బొగ్గు, కూలి ఖర్చులు. టన్నుల లెక్క మాత్రమే చూసినవారికి కర్మాగారం ఎదుగుతోంది. ఖజానా చూసినవారికి అది మునుగుతోంది. రెండు అంకెలూ నిజమే. రెంటి నడుమ ఏమి జరిగిందన్నదే అసలు ప్రశ్న.

విడదీసి చూస్తేనే నిజం

సరిగ్గా ఆ దశకాల్లోనే అమెరికాలో ఈ ప్రశ్నకు ఒక పటం రూపొందింది. డ్యూపాంట్ కంపెనీ ఆర్థిక అధికారి డొనాల్డ్‌సన్ బ్రౌన్ పెట్టుబడిపై వచ్చే ప్రతిఫలాన్ని రెండు కొమ్మలుగా విడదీశారు. ప్రతి రూపాయి అమ్మకంపై మిగిలే లాభం ఒక కొమ్మ. పెట్టుబడి ఏడాదిలో ఎన్నిసార్లు అమ్మకంగా తిరిగివస్తుందన్నది రెండో కొమ్మ. ఒక్కో కొమ్మను మళ్లీ ధర, ముడిసరుకు, కూలి, నిల్వలు అంటూ చిన్న కొమ్మలుగా చీల్చవచ్చు. చెట్టు ఆకారంలో ఉన్న ఆ పటం చూస్తే ఏ కొమ్మ ఎండిపోతోందో ఇట్టే తెలుస్తుంది. 1920వ దశకంలో ఈ పద్ధతి జనరల్ మోటార్స్‌కు కూడా చేరింది.

నేడు విరివిగా వాడే మరొక పటం మెట్ల ఆకారంలో ఉంటుంది. ఎడమ చివర నిరుటి లాభం ఒక స్తంభం, కుడి చివర ఈ ఏటి లాభం మరో స్తంభం. నడుమ ఒక్కో కారణం ఒక్కో మెట్టుగా పైకో కిందికో పోతుంది. ఊహకు ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక కర్మాగారం లాభం రూ. 10 లక్షల నుంచి రూ. 2 లక్షలకు పడిపోయిందనుకుందాం. ఎక్కువ టన్నులు అమ్మినందువల్ల 4 లక్షలు కలిశాయి. విదేశీ ధర తగ్గినందువల్ల 7 లక్షలు, మారకపు రేటు వల్ల 3 లక్షలు, బొగ్గు, కూలి ఖర్చులు పెరిగినందువల్ల 2 లక్షలు పోయాయి. రెండు స్తంభాలే చూస్తే నిర్వాహకులు అసమర్థులని అనిపిస్తుంది. మెట్లు చూస్తే నష్టంలో అధిక భాగం వారి చేతిలో లేని కారణాలదని తెలుస్తుంది. అదే సమయంలో చేతిలో ఉన్న ఆ 2 లక్షల మెట్టును సాకులతో దాటవేయడానికీ వీలుండదు. పటం ఉపయోగం ఈ రెండింటిలోనూ ఉంది.

జంషెడ్‌పూర్ విషయంలో ఈ విడదీత పటంగా కాకపోయినా లెక్కగా జరిగింది. 1923లో ఏర్పడిన సుంకాల బోర్డు ఉక్కు పరిశ్రమకు రక్షణ అవసరమా అన్నది విచారించింది. జార్జ్ రైనీ అధ్యక్షుడు. పి.పి.గిన్‌వాలా, వి.జి.కాలే సభ్యులు. కంపెనీ తన ఖర్చుల పట్టికలను బోర్డు ముందుంచింది. ఒక వ్యాపార సంస్థ తన లోగుట్టును ఈ విధంగా బయటపెట్టడం ఆ రోజుల్లో అసాధారణం. టన్ను ఉక్కు తయారీకి న్యాయంగా ఎంత ఖర్చవుతుంది, అదే రకం విదేశీ ఉక్కు రేవులో ఏ ధరకు దిగుతోంది అన్న రెండు అంకెలను బోర్డు పక్కపక్కన నిలిపింది. ఆ రెంటి నడుమ అంతరమే రక్షణకు కొలబద్ద అయింది.

ఆ సిఫార్సుల ఆధారంగా 1924 జూన్‌లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. దిగుమతులపై సుంకాలు పెంచారు. స్వదేశీ పట్టాలకు టన్నుకు తొలి ఏడాది రూ. 32, మలి ఏడాది రూ. 26, మూడో ఏడాది రూ. 20 చొప్పున ప్రభుత్వం ప్రోత్సాహకం ప్రకటించింది. ఈ తగ్గింపు గమనార్హం. బయటి కారణాలకు ప్రభుత్వం ఆసరా ఇస్తుంది, లోపలి ఖర్చులను కంపెనీ ఏటేటా తగ్గించుకోవాలి అన్న షరతు ఆ మూడు అంకెల్లోనే ఇమిడి ఉంది.

యావదాస్తి తాకట్టు

చట్టం వచ్చినా సొమ్ము వెంటనే రాలేదు. 1924లో జీతాలు చెల్లించేందుకు కూడా డబ్బు లేదని జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి తంతి అందింది. కర్మాగారాన్ని ప్రభుత్వానికి అప్పగించడమే మేలన్న మాట కూడా వినిపించింది. దొరాబ్జీ, ఆయన బంధువు ఆర్.డి.టాటా అందుకు ససేమిరా అన్నారు.

దొరాబ్జీ ఇంపీరియల్ బ్యాంకును ఆశ్రయించి తన స్వంత ఆస్తి మొత్తాన్ని తాకట్టు పెట్టారు. దాని విలువ సుమారు కోటి రూపాయలు. అందులో మెహెర్‌బాయి నగలు కూడా ఉన్నాయి. ఆ నగల్లో 245 క్యారెట్ల జూబిలీ వజ్రం ఒకటి. కోహినూర్ కంటే అది రెండింతలకు పైగా పెద్దది. బ్యాంకు కోటి రూపాయల అప్పు ఇచ్చింది. కర్మాగారం ఊపిరి పీల్చుకుంది. వాటాదారులకు పలు సంవత్సరాలు లాభాంశం అందకపోయినా, కొలిమి ఆరలేదు.

ఈ సాహసాన్ని కేవలం ధర్మగుణంగా చెప్పడం పరిపాటి. కానీ అందులో లెక్క కూడా ఉంది. ఖనిజం, బొగ్గు, నీరు చేరువలో ఉన్న కర్మాగారానికి మూలం బలంగానే ఉంది. దెబ్బ తగిలినది ధర వద్ద, మారకం వద్ద, అప్పు వద్ద. మూలమే చెడి ఉంటే కోటి రూపాయలు బూడిదలో పోసిన పన్నీరయ్యేవి. జబ్బు ఎక్కడ ఉందో తెలిసినవారు మాత్రమే మందుకు ఆస్తి అమ్ముకోవడంలో అర్థముంది.

చిత్రంలో చోటు దక్కనివారు

అయితే కార్మికుల దృష్టితో చూస్తే కథ ఇంత నిండుగా ఉండదు. టాటాలు జంషెడ్‌పూర్‌లో 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని, 1920లో జీతంతో కూడిన సెలవును, భవిష్య నిధిని ప్రవేశపెట్టారు. దేశంలో చట్టాలు రావడానికి ఎంతో ముందే ఇవి అమలయ్యాయి. అయినా 1920లోను, 1922లోను సమ్మెలు జరిగాయి. రక్షణ పొందిన పరిశ్రమ ఖర్చులు తగ్గించాలన్న ఒత్తిడి పెరిగినకొద్దీ, టన్నుకు ఎందరు కార్మికులు అన్న లెక్క పైకి వచ్చింది. ఆ మెట్టును తగ్గించే యత్నంలో సిబ్బంది కుదింపు మొదలైంది.

దాని పర్యవసానమే 1928 నాటి సుదీర్ఘ సమ్మె, లాకౌటు. సుభాష్ చంద్ర బోస్ రంగప్రవేశం చేసి చర్చలు జరిపాక నెలల తరబడి సాగిన ప్రతిష్టంభన సెప్టెంబరులో తొలగింది. బోర్డు గదిలో కూలి ఖర్చు అనే ఒక్క కొమ్మగా కనిపించేది, బస్తీలో వేలాది పొయ్యిలుగా కనిపిస్తుంది. నాగపూర్ మిల్లులో గైర్హాజరు వెనుక మనిషిని చూసిన సంస్థకే, జంషెడ్‌పూర్‌లో ఆ చూపు కొంత మసకబారిందని చెప్పక తప్పదు. పటంలో చూపని కారణం సమ్మె రూపంలో తిరిగివస్తుందన్నది ఆనాటి అనుభవం.

పరదేశంలో అంతిమ ఘడియలు

ఉక్కుతోనే దొరాబ్జీ జీవితం ముగిసిపోలేదు. తండ్రి తలపెట్టిన బెంగుళూరు విజ్ఞాన సంస్థ, పడమటి కనుమల జలవిద్యుత్ పథకం ఆయన చేతుల మీదుగానే సాకారమయ్యాయి. 1919లో న్యూ ఇండియా బీమా కంపెనీని స్థాపించారు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు భారత క్రీడాకారులు వెళ్లడానికి ఆర్థిక సహాయం చేశారు. భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు.

దంపతులకు సంతానం లేదు. 1931 జూన్‌లో మెహెర్‌బాయి రక్త క్యాన్సర్‌తో మరణించారు. ఆ దుఃఖం నుంచి దొరాబ్జీ కోలుకోలేదు. భార్య పేరిట రక్త సంబంధ వ్యాధుల పరిశోధనకు ఒక నిధి నెలకొల్పారు. 1932 మార్చిలో తన మిగతా ఆస్తి యావత్తూ ఒక ధర్మనిధికి రాసిచ్చారు. జూబిలీ వజ్రం కూడా అందులో చేరి తర్వాత అమ్ముడుపోయింది. భార్య సమాధిని దర్శించడానికి బయల్దేరిన ఆయన 1932 జూన్ 3న జర్మనీలోని బాడ్ కిస్సింజెన్‌లో కన్నుమూశారు. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో భార్య పక్కనే ఆయనను ఖననం చేశారు. ఆయన వదిలివెళ్లిన ధర్మనిధి సహాయంతో 1936లో సామాజిక శాస్త్రాల సంస్థ, 1941లో టాటా స్మారక క్యాన్సర్ ఆసుపత్రి, 1945లో మౌలిక పరిశోధన సంస్థ బొంబాయిలో వెలిశాయి.

విశాఖకూ అదే ప్రశ్న

దొరాబ్జీ ఎదుర్కొన్న ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. 1966 నాటి ఉద్యమంలో ప్రాణాలర్పించి సాధించుకున్న విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో కేంద్రం ఈ సంస్థలో పూర్తి పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. తీవ్ర నిరసనల అనంతరం 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది.

ఈ రెండు నిర్ణయాల నడుమ ప్రజల్లో సాగిన వాదమంతా లాభనష్టాల అంకె చుట్టూనే తిరిగింది. నష్టమొచ్చింది కనుక సంస్థ అసమర్థమని ఒకరు, మంచి ఏడాది లాభమొచ్చింది కనుక సమర్థమని మరొకరు వాదించారు. దొరాబ్జీ వేసిన లెక్క ప్రకారం చూస్తే ముందు కొమ్మలు విడదీయాలి. జంషెడ్‌పూర్‌కు తొలినుంచీ స్వంత ఇనుప గనులు ఉన్నాయి. విశాఖకు అవి లేకుండానే కర్మాగారం వెలిసింది. బైలదిల్లా ఖనిజాన్ని గనుల సంస్థ నుంచి మార్కెట్టు ధరకు కొనవలసి వచ్చింది. ఉక్కు ధర తగ్గిన ఏడాది ఈ తేడా టన్ను టన్నుకూ కనిపిస్తుంది. దానికి తోడు అప్పుల మీద వడ్డీ భారం. వీటిలో ఏ మెట్టు ప్రభుత్వ విధానానిది, ఏది యాజమాన్యానిది, ఏది కార్మికులది, ఏది ప్రపంచ మార్కెట్టుది అని తేల్చకుండా ప్యాకేజీ ఇచ్చినా, సంస్థను అమ్మినా అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే అవుతుంది.

దిగుమతుల ఒత్తిడి కూడా 1924తో ముగియలేదు. 2025 ఏప్రిల్‌లో కేంద్రం కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. అప్పటివలెనే ఇప్పుడూ సుంకం నయం చేయగలిగినది ధర అనే ఒక్క జబ్బును మాత్రమే. ఖనిజం, వడ్డీ, ఉత్పాదకత అనే మిగతా జబ్బులకు వేరువేరు మందులు కావాలి.

దొరాబ్జీ టాటా గణాంక శాస్త్రవేత్త కాదు. నేటి కంప్యూటర్లు గీసే రంగురంగుల పటాలు ఆయన ఎరుగరు. అయినా మ్యూజియం గోడమీది ఒక రంగును చూసి ఇనుప కొండను గుర్తించిన ఆయన, సంక్షోభంలో టన్నుల అంకెకు మురిసిపోలేదు, నష్టాల అంకెకు బెదిరిపోలేదు. ఆ రెంటి వెనుకనున్న కారణం ఏదో ముందు తెలుసుకున్నారు. దాని మీద తన సర్వస్వాన్నీ ఒడ్డారు. పటమెంత అందంగా ఉన్నా దాన్ని నమ్మి బాధ్యత వహించే మనిషి లేకపోతే అది గోడకు వేలాడే బొమ్మగానే మిగులుతుందని ఆయన జీవితం చాటుతోంది.